జాబితాలో లేని పని

మా కోడలు ఆసుపత్రిలో రక్తదాతల పేర్లుండే డేటాబేస్ చూసుకుంటుంది. ఆ సాఫ్ట్‌వేర్ ఏ ఒక్కరి సొత్తూ కాదట. ఎక్కడెక్కడివాళ్లో కలిసి రాసి, ఎవరైనా వాడుకోండని వదిలేశారు. ఊరుమ్మడి బావి లాంటిది. నీళ్లు ఊరికే వస్తాయి, పూడిక మాత్రం వాడుకునేవాళ్లే తీసుకోవాలి.

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఇంట్లో కూర్చుని ఆ పూడిక తీసేది. పాత చెత్త ఊడ్చడం, పేర్లు త్వరగా వెతికిపెట్టే ఇండెక్సులు సరిచేయడం, అన్నిటికీ నకలు తీసి దాచడం, ఇలా గోడకంటించిన కాగితంలో ఏడు పనులు. నేను ఒక్కొక్కటీ చదివేదాన్ని. తను చేశాక టిక్కు పెట్టేదాన్ని. అసలుది పాడైతే ఆ నకలే దిక్కని చెప్పేది.

తనకి నెలలు నిండాయి. కాన్పప్పుడు ఆసుపత్రివాళ్లు ఫోన్ చేసే అవసరం రాకూడదని, ఏడు పనులూ వాటంతటవే జరిగేలా ప్రోగ్రామ్ రాసింది. సోమవారం నుంచి సెలవు. దానికి ముందు శుక్రవారం మొదటిసారి నడిపింది. టీ చల్లారేలోపు ఏడింటికీ పచ్చ గుర్తులు పడ్డాయి.

“అయితే నా ఉద్యోగం ఊడిందన్నమాట,” అన్నాను.

“మీకు ప్రమోషన్ అత్తయ్యా. ఇక ఉయ్యాల శాఖ.”

నవ్వాను గానీ, ఏదో వెలితిగా ఉంది.

“అమ్మాయ్, ఇవాళ నువ్వు అంకె చెప్పలేదు.”

“ఏం అంకె?”

“ఐదోది, నకలు తీయడం అయ్యాక, తెర మీదికి వంగి నీలో నువ్వే అనుకుంటావుగా. నలభై ఒక్క వేలు, నలభై ఒక్క వేల రెండొందలు అని.”

“నేనా?”

“కాదు, పక్కింటావిడ.”

కాగితం చూసింది. అందులో ఆ ముక్క లేదు. “అదో పనేంటత్తయ్యా, నకలు తెరిచి ఎంతమంది ఉన్నారో చూస్తానంతే.”

“మరి రేపట్నుంచి ఎవరు చూస్తారు?”

తను నకలు తెరిచింది. లోపల ఒక్క పేరూ లేదు. ప్రోగ్రామ్ రాసేటప్పుడు సరిచూసుకోవడానికి ఒక ఖాళీ పట్టిక పెట్టుకుందట. దాతల పట్టికకు బదులు దాని పేరే ప్రోగ్రామ్‌లో ఉండిపోయింది.

“నీ ప్రోగ్రామ్ ఖాళీ బిందెకి మూతపెట్టి నిండిందని చెప్పింది,” అన్నాను. తను నవ్వలేదు.

పేరు మార్చింది. నకలు తెరిచి లెక్కపెట్టడం, పోయిన వారం కంటే తగ్గితే ఆసుపత్రి ఆఫీసులో ఉన్నవాళ్లకి చెప్పడం కూడా ప్రోగ్రామ్‌లో రాసింది. మళ్లీ నడిపింది.

“నలభై ఒక్క వేల మూడొందల పన్నెండు,” ఈసారి పైకే చదివింది. నేను కాగితం మీద ఎనిమిది వేసి ఆ పని రాశాను.

“నేను రాయకుండా చేసేవి ఇంకేమైనా ఉన్నాయా అత్తయ్యా?”

“పని మొదలుపెట్టే ముందు నిట్టూరుస్తావు. అది రాయక్కర్లేదులే.”

మొదటినుంచీ అన్నీ మళ్లీ చేత్తో చేసి చూపించింది. నేను కాగితం పక్కనపెట్టి తన చేతులనే చూస్తూ కూర్చున్నాను. దీపాలు పెట్టేవేళ దాకా చూసినా రాయని పని ఇంకేమీ దొరకలేదు. అప్పుడు ఆసుపత్రివాళ్లు చేసే ఫోన్ ఆపేసి నా చేతికిచ్చింది.