తడిసిన కట్ట

ఆ పొద్దున కాలియోవా దగ్గర ఒక గొడుగు, ఒక ప్లాస్టిక్ పట్టా, సగం తిన్న బిస్కెట్ల పొట్లం, నొప్పెడుతున్న రెండు మోకాళ్ళు ఉన్నాయి. బజారులో అతని బల్ల మీద ఎవరూ బేరమాడని యాంగోనా వేర్ల కట్టలున్నాయి. మూడు రోజులుగా వాన. దంచి నీళ్ళలో పిసుక్కుని తాగే ఆ వేర్ల కోసం ఎంత వానలోనైనా నలుగురు వస్తారనుకున్నాడు గానీ, ఆ నలుగురూ ఇళ్ళలోనే ఉండిపోయారు. ముప్ఫై ఏళ్ళుగా అదే వ్యాపారం. వేరును వేళ్ళ మధ్య నొక్కి అది ఎన్ని రోజులు ఎండిందో చెప్పగలడు. ఆ రోజు మాత్రం దేన్నీ ముట్టుకోబుద్ధి కాక గోడకు చేరగిలబడ్డాడు.

భుజాన పిండి బస్తాతో లివాయ్ వచ్చాడు. కాలియోవా మేనమామ కొడుకు.

"ఊరికి లారీ పోదంట బావా. వాగు రోడ్డెక్కింది. నేను నడిచి పోతున్నా."

"ఆ బస్తాతోనా? కొండ దాటి?"

"పిల్లలకి వాగు పొంగిందని చెబితే ఆకలి ఆగుతుందా? నువ్వూ రా. ఇక్కడ కూర్చుని ఈగలు తోలుదామన్నా ఈగలు కూడా లేవు."

"నేనెందుకక్కడికి?"

"ఎందుకా? నీకు మేనమామ ఉన్నాడు, ఇంకా బతికే ఉన్నాడు. పదకొండేళ్ళలో మర్చిపోయావేమోనని గుర్తు చేస్తున్నా."

కాలియోవా మర్చిపోలేదు. పదకొండేళ్ళ కింద మామ అమినియాసి రెండు బస్తాల వేర్లు తెచ్చి ఇదే బల్ల మీద దించాడు. అవి సరిగా ఎండలేదు. తడి సరుకు బరువెక్కువ తూగుతుంది. కాలియోవా ఒక వేరు నొక్కి చూసి, బజారంతా వినేలా, "మామా, ఇవి వేర్లు కావు. నీళ్ళు" అన్నాడు. చుట్టుపక్కల బల్లల వాళ్ళు నవ్వారు. ముసలాయన బస్తాలు మళ్ళీ లారీ ఎక్కించుకున్నాడు. ఆ తరువాత బజారుకు దిగలేదు. కాలియోవా అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆ నిజం వల్ల తనకు వచ్చిందేమిటని అతను చాలాసార్లు లెక్క వేసుకున్నాడు. ఏమీ తేలలేదు. పోయింది మాత్రం అమ్మ పుట్టిల్లు.

ఎందుకు లేచాడో అతనికే తెలియదు. బల్ల మీద ఉన్నవాటిలో బాగా ఎండిన కట్ట ఏరి, న్యూస్‌పేపర్ చుట్టి, ఎర్ర రిబ్బన్ కట్టి, దాని మీద ప్లాస్టిక్ పట్టా కప్పాడు. పక్క బల్ల ఆవిడకు ఒక మాట చెప్పి లివాయ్ వెనకాల నడిచాడు.

అడవిలోకి వెళ్ళగానే లివాయ్ చెయ్యి చాపాడు. "గొడుగు ఇటు తే బావా. బట్టతలకు గొడుగెందుకు? నీళ్ళు వాటంతటవే జారిపోతాయి."

బావ అడిగితే లేదనే ఆచారం ఆ నేల మీద లేదు. గొడుగు పోయింది, నెత్తిన టోపీ మిగిలింది. మొదటి వాగు దగ్గర బిస్కెట్లు కూడా పోయాయి.

ఎర్రమట్టి దారి సబ్బులా ఉంది. రెండడుగులు ఎక్కితే ఒక అడుగు వెనక్కి జారుతోంది. వెదురు పొదలు పట్టుకుని ఎక్కుతుంటే పైనున్న నీళ్ళన్నీ మెడలోకి దిగుతున్నాయి. ఎంతసేపు నడిచినా చెట్లు మారలేదు, వాన చప్పుడు మారలేదు. ఇంతకంటే బల్ల దగ్గర కునుకు తీయడం నయం కదా అనుకున్నాడు. వెనక్కి తిరుగుదామా అంటే, ముందుకు ఎంతుందో వెనక్కీ అంతే ఉంది.

"నాన్న కట్ట మీద చెయ్యి వేశాడా, తప్పు మన్నించినట్టే, నువ్వు మా ఇంటివాడివి" అన్నాడు లివాయ్. "వేయలేదా, ఇదే దారిన వెనక్కి. నేను తోడు రాను, ముందే చెబుతున్నా."

"వేస్తాడా?"

"నాకేం తెలుసు? కోడిని పెంచినట్టు పెంచుకున్నాడు ఆ కోపాన్ని."

కొండ మీద గాలి గొడుగును తిరగేసి విరిచేసింది. వాన అడ్డంగా కొడుతోంది. బస్తా ఒక మూల తడిసి, కుట్టులోంచి తెల్లటి పిండినీళ్ళు లివాయ్ వీపు మీద కారుతున్నాయి. లివాయ్ బస్తా దించి, దాని మీద వంగి నిలబడ్డాడు. గొడుగూ బిస్కెట్లూ హక్కుగా లాక్కున్నవాడు ప్లాస్టిక్ పట్టా మాత్రం అడగలేదు. దాని వైపు చూడనైనా లేదు.

కాలియోవా ఆలోచించాడు. తడిసిన వేరు మళ్ళీ ఎండుతుంది. తడిసిన పిండి జిగురవుతుంది. ఇందులో ఆలోచించడానికి పెద్దగా ఏమీ లేదు. అయినా కాసేపు అలాగే నిలబడ్డాడు. తరువాత కట్ట మీది పట్టా విప్పి బస్తాకు చుట్టాడు.

"బావా..." అన్నాడు లివాయ్.

"నడువు. నోరు నొప్పెట్టిందా ఇవాళ?"

కట్టను చొక్కా లోపల పెట్టుకుని, పొట్టకు అదుముకుని దిగాడు. బయట వాన, లోపల చెమట. ఊరు కనిపించేసరికి మోకాళ్ళు తనవి కానట్టున్నాయి. ఊరి మొదట్లో మర్యాద కోసం టోపీ తీసి చేత పట్టుకున్నాడు. బట్టతల మీద వాన సూటిగా పడింది.

అమినియాసి లోపల చాప మీద కూర్చుని ఉన్నాడు. వయసుకు బాగా కుంచించుకుపోయాడు. కాలియోవా గుమ్మం పక్కనే కూర్చుని, కట్ట ముందు పెట్టి, ఆచారం ప్రకారం అరచేతులు దొప్పలు చేసి చరిచాడు. న్యూస్‌పేపర్ ఊడి చేతులకు అంటుకుంది, సిరా చొక్కాకు అంటింది.

"మామా, ఆ రోజు నేనన్న మాట వెనక్కి తీసుకోడానికి వచ్చాను."

రేకుల మీద వాన మోగుతోంది. కట్టలోంచి కారిన నీళ్ళు చాప మీద సన్నగా పారి ముసలాయన మోకాలి దాకా వెళ్ళాయి. ఆయన ఆ తడిని వేలితో తాకి చూశాడు. తరువాత చెయ్యి చాపి కట్టను పట్టుకుని నొక్కాడు. నీళ్ళు జారాయి.

"అల్లుడూ."

"మామా."

"ఇవి వేర్లు కావు. నీళ్ళు."

కాలియోవా తల వంచుకున్నాడు. "అవును మామా. నీళ్ళే."

ముసలాయన భుజాలు కదిలాయి. నవ్వు దగ్గుగా మారి, దగ్గు మళ్ళీ నవ్వయింది. కట్టను తన ఒళ్ళోకి లాక్కుని, ఒప్పుకున్నట్టు మూడుసార్లు చేతులు చరిచాడు.

"లివాయ్, పొయ్యి పైన అటక మీద పెట్టు. పది రోజులు పొగ తగలాలి. ఎండిందో లేదో నాకైతే తెలియదు. నాకా విద్య రాదని పదకొండేళ్ళ కిందే తేలిపోయింది. నువ్వే వచ్చి నొక్కి చూసి చెప్పు, అల్లుడూ."

ఆ సాయంత్రం కాలియోవా దగ్గర గొడుగు లేదు, పట్టా లేదు, బిస్కెట్లు లేవు. మోకాళ్ళు వాచాయి. బల్ల మీద ఆ రోజు బేరం లేదు. నడుముకు మామ ఇచ్చిన పొడి సులూ పంచె, ఎదురుగా లివాయ్ బస్తాలోని పిండితో వేయించిన రొట్టెలు ఉన్నాయి. పది రోజుల తరువాత మళ్ళీ ఇదే కొండ ఎక్కాలి. ఆ పనిని అతను లాభం కిందే రాసుకున్నాడు.