హ్యాడ్ మోసిన పెళ్లి కబురు

నేను ఒక అట్టముక్కను. కొత్త చొక్కా మడత చెదరకుండా లోపల అట్ట పెడతారు చూడండి, దాన్ని కత్తిరించి, ఎర్ర సిరాతో ‘హ్యాడ్’ అని రాసి, విజయనగరంలో ప్రకాశరావు మాస్టారు నాకు జన్మనిచ్చారు. ఆయన స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో ఇలాంటి ముక్కలు పేర్చి వాక్యాలు కట్టడమే చదువు.

నా పని చిన్నది. జరిగిపోయిన సంగతులు రెండుంటే, ముందు జరిగినదాని పక్కన నేను నిలబడాలి. బస్సు వెళ్లిపోయాక మీరు వచ్చారనుకోండి, నా చోటు బస్సు పక్కన. క్లాసులో ఈ మాట వినేదెవరు? పొద్దున్న ఇడ్లీ తిన్నా నేనే, నిన్న సినిమా చూసినా నేనే. నన్ను తగిలిస్తే ఇంగ్లీషుకి దర్జా వస్తుందని వాళ్ల నమ్మకం. నిజం చెప్పొద్దూ, ఆ గిరాకీకి లోలోపల పొంగిపోయేదాన్ని.

ఆ క్లాసులో ఫ్యాన్లు బాగుచేసే సన్యాసిరావు ఒకడు. పేరుకే సన్యాసి. పక్క బెంచీలో కూర్చునే ల్యాబ్ టెక్నీషియన్ హైమవతిని పెళ్లాడాలని తెగ తహతహలాడిపోయేవాడు. ఒక సాయంత్రం అందరూ వెళ్లాక, చెమటలు కక్కుతూ ఆ మాట అడిగేశాడు. తెలుగులో జవాబు చెప్పడానికి సిగ్గేసి హైమవతి గబగబా ముక్కలు పేర్చింది. ‘ఐ హ్యాడ్ లైక్డ్ యూ బిఫోర్ యూ ఆస్క్డ్.’

సన్యాసిరావు ముఖం వాడిపోయింది. అడగకముందు ఒకప్పుడు నచ్చాడట, అడిగి చెడగొట్టుకున్నాడట. అలా చదువుకున్నాడు పాపం. ఇన్నాళ్లూ నన్ను ఇడ్లీకి వాడినవాడికి అంతకంటే ఏం తెలుస్తుంది? లేచి చెప్పులు వేసుకున్నాడు. నాకు నోరుంటే వీధి చివరిదాకా వినపడేలా అరిచేదాన్ని.

“ఏటండీ, అలా లెగిసిపోతన్నారు?” అంది హైమవతి.

“ఒకప్పుడు నచ్చానన్నారు కదండీ. ఇప్పుడేటి సెయ్యగలను?”

ఆమె నన్ను తీసి అతని కళ్ల ముందు ఆడించింది. “ఒకప్పుడు కాదండీ బాబూ, అప్పటికే. మీరు అడిగేసరికే నాకు నచ్చీసారని.”

సన్యాసిరావు చెప్పులు విప్పాడు, మళ్లీ తొడుక్కున్నాడు, మళ్లీ విప్పాడు. ఎందుకో అతనికే తెలియదు. ఆ సంతోషంలో దాచుకున్న సంగతి కాస్తా బయటపడిపోయింది.

“నేను మిమ్మల్ని అడిగేసరికి మా అమ్మ సంబంధం మాటాడ్డానికి మీ ఇంటికి బయల్దేరిపోనాదండి.”

హైమవతి నవ్వు ఆపుకోలేక, నన్ను చేతిలో పట్టుకునే ఇంటికి పరుగెత్తింది. వెనకాల సన్యాసిరావు, ఒంటి చెప్పుతో. మర్నాడు మాస్టారు నాకోసం ముక్కల పెట్టెంతా బోర్లించి వెతికారట. ఆయన వెతికేసరికి నేను పెళ్లివారింట్లో ఉన్నాను.