తడపని ముడి

వెనక సీట్లో కూర్చోమని ఎవరూ అనలేదు, అనకుండానే కూర్చోవలసి వచ్చింది, అదే హార్లన్‌కి ఒళ్లు మండించే సంగతి, లైల్ వచ్చీ రాగానే ముందు సీట్లోకి ఎక్కేశాడు, స్టీరింగు దగ్గర టోబిన్, ఇక మిగిలింది వెనకే కదా, రబ్బరు లాగులూ చేతి వలలూ శాండ్‌విచ్‌ల సంచీ, వాటి మధ్య అరవై రెండేళ్ల తనూ, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని, పంతొమ్మిదేళ్లుగా ప్రతి శనివారం లైల్ పాత ట్రక్కులో ముందు సీటు తనది, తన ఒంటికే ఆ సీటు గుంట పడింది, ఆ ట్రక్కుని మార్చిలో అమ్మేశాడు మహానుభావుడు, ఒక్క మాట చెప్పకుండా, ఎందుకు అమ్మావంటే ముసలిదైపోయిందిరా, టోబిన్ బండి మెత్తగా పోతుంది అన్నాడు, మెత్తగానట, ఆ ట్రక్కు ఇంజను రెండుసార్లు విప్పి బిగించింది ఎవరు, బడి బస్సుల షెడ్డులో వారమంతా నల్లబడిన చేతుల్ని ఆదివారం కూడా నల్లబరచుకున్నది ఎవరు, ఈ టోబినా, హైస్కూల్లో లెక్కలు చెప్పుకునేవాడు, నిరుడు ఆకులు రాలే కాలంలో ఫైర్ స్టేషన్ వాళ్ల పందిమాంసం విందులో లైల్ పక్కన కుర్చీ ఖాళీగా ఉంటే వచ్చి కూర్చున్నవాడు, ఆ రోజు తనకి జలుబు చేసి ఇంట్లో పడుకున్నాడు గాని లేకపోతే ఆ కుర్చీ ఖాళీగా ఉండేదే కాదు, ఒక్క జలుబు ఎంత పని చేసింది, అబ్బీ, మలుపు తిరిగాం కదా, ఏం కనబడుతోందో చెప్పు అంటున్నాడు లైల్, టోబిన్ నవ్వుతూ చెబుతున్నాడు, ఆమిష్ రైతుల చేలో గడ్డి కోస్తున్నారండీ, గుర్రబ్బండి ఒకటి ఎదురొస్తోంది, ఏరు కాస్త పచ్చగా ఉంది, నిన్నటి వాన నీళ్లు తేరుకున్నట్టున్నాయి, బళ్లో పిల్లాడి చేత పాఠం చెప్పించుకున్నట్టు ఏమిటీ ముచ్చట, ముప్పయ్యారేళ్ల మగవాణ్ణి పట్టుకుని అబ్బీ ఏమిటి, ఆ పిలుపు తనది, నలభై మూడేళ్ల వయసులో గాలం కర్ర ఎలా పట్టుకోవాలో తెలియక తన టోపీకే కొక్కెం తగిలించుకున్న రోజున లైల్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని పిలిచిన పిలుపు, ఇప్పుడు తను ఒట్టి హార్లన్ అయిపోయాడు. బండి మెత్తగానే పోతోంది, అది ఒప్పుకోక తప్పదు.

మార్లా పొద్దున్న కాఫీ పోస్తూ అననే అంది, నన్నెవడైనా ఎత్తుకుపోయినా నువ్వింత ఏడవవు, ఏడుస్తున్నది ఎవరే అని కసిరాడు గాని ఆవిడకి తెలుసు, ముప్పయ్యేళ్ల కాపురం, దాచుకుందామన్నా చోటేది, ఇప్పుడు పొద్దు వాలే వేళకి బండి దిగి రబ్బరు లాగు తీసుకోవడానికి వెనక తలుపెత్తాడు, ఎత్తకుండా ఉండవలసింది, అక్కడ అట్టపెట్టెలో పాత కాగితాల మధ్య లైల్ ఇత్తడి బిగింపు కనబడింది, కొక్కేన్ని పట్టి ఉంచి దాని మీద ఈకా దారం చుట్టి చేపకి ఎరగా దొంగ ఈగలు కట్టుకునే బిగింపు, పోస్టు బట్వాడా ఉద్యోగం మొదటి జీతంతో కొన్నానురా అని లైల్ వెయ్యిసార్లు చెప్పిన బిగింపు, చలికాలం సాయంత్రాలు దాని ముందు ఇద్దరూ మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని, నీవి ఈగలు కావురా, కుక్కకి రాలిన బొచ్చు అని లైల్ వెక్కిరిస్తుంటే పడీ పడీ నేర్చుకున్నాడు, ఇదెక్కడిది అని అడిగితే టోబిన్ చెప్పాడు, లైల్ గారు ఇచ్చేశారండీ, ఇక తనకి అక్కర్లేదన్నారు, మొహమాటంగా చెప్పాడు పాపం, ఆ మొహమాటం ఇంకా మండించింది, ఇచ్చేశాడా, ఇచ్చెయ్యడానికి వీడే దొరికాడా, తను బతికే ఉన్నాడుగా, తలుపు గట్టిగా వేశాడు, కావాలని కాదు, కావాలనే, లైల్ ఆ చప్పుడుకి తల తిప్పి, బస్సు తలుపు కాదురా అది అన్నాడు, ఎప్పటిలాగే, ఆ ఎప్పటిలాగే అన్నదొక్కటే ఇప్పుడు మిగిలిందేమో, ఏట్లోకి దిగారు, నీళ్లు చల్లగా మోకాళ్లని పట్టుకున్నాయి, రాళ్లు నాచుపట్టి జారుతున్నాయి, ముందు టోబిన్, అతని వెనక లైల్, లైల్ చెయ్యి టోబిన్ భుజం మీద, వేసింది వేసినట్టే ఉంది, అవతలి గట్టు దాకా తియ్యలేదు, పంతొమ్మిదేళ్లలో తన భుజం మీద ఒక్కసారి చెయ్యి వేశాడా ఈ మనిషి, తన తండ్రి చనిపోయిన వారం కూడా పక్కన నిలబడి ఈగల డబ్బా అందించాడే తప్ప చెయ్యి వెయ్యలేదు, మన పద్ధతి ఇంతే అనుకుని ఊరుకున్నాడు, ఊరుకోవడం కూడా స్నేహమే అనుకున్నాడు, ఇప్పుడు చూస్తే చెయ్యి వెయ్యడం లైల్‌కి చక్కగా వచ్చు, ఎవరి మీద వెయ్యాలన్నదే లెక్క. రెండుసార్లు జారి తమాయించుకున్నాడు, వాళ్లిద్దరిలో ఎవరూ వెనక్కి తిరగలేదు.

హెమ్లాక్ చెట్టు కింది మడుగు దగ్గర పద్ధతి వేరు, మిగతా ఏరంతా ఎవరి కర్ర వాళ్లది, ఇక్కడ మాత్రం ఒకే కర్ర, లైల్ తన చేత్తో చీల్చి అతికించుకున్న వెదురు కర్ర, ఒకరు వేస్తుంటే ఇంకొకరు దుంగ మీద కూర్చుని చూడాలి, చేప పడినా తప్పిపోయినా కర్ర చేతులు మారాలి, పట్టిన చేపని నీళ్లలోనే కొక్కెం తీసి వదిలెయ్యాలి, ఇద్దరి కోసం పెట్టుకున్న పద్ధతి, మూడో మనిషికి ఇందులో చోటెక్కడ, ఉందిగా, కూర్చున్నాడుగా దుంగ మీద, లైల్‌కి తగులుకుంటూ, ఎండ కొండ వెనక్కి వాలుతోంది, పసుపు రంగు పురుగులు నీళ్లలోంచి లేచి రెక్కలార్చుకుంటున్నాయి, ఇదీ సమయం, చెట్టు వేళ్ల కింద నీడలో నీళ్లు ఒక్కసారి మెత్తగా లోపలికి గుంజుకున్నాయి, అదే, మోచేతి నుంచి వేలి కొస దాకా ఉండే ముసలి ట్రౌట్, మూడు వసంతాలుగా తను వెంటపడుతున్న చేప, నిరుడు ఒకసారి నోట పట్టి, తను తొందరపడి గుంజితే వదిలించుకుని పోయింది, ఆ రాత్రి నిద్ర లేదు, లైల్ తల పైకెత్తి చెవి అటు పెట్టి, లేచిందా అబ్బీ అన్నాడు, లేచిందండీ, వేళ్లకి ఎడం పక్కన అన్నాడు టోబిన్, అయితే కర్ర తీసుకో అన్నాడు లైల్, టోబిన్ కర్ర తీసుకుని నీటి అంచున నిలబడ్డాడు, హార్లన్ చూస్తున్నాడు, తన చేప, అందరికీ తెలుసు అది తన చేపని, డైనర్‌లో వడ్డించే అమ్మాయికి కూడా తెలుసు, ఆ మీద లైల్ ఇంకో మాట అన్నాడు, హార్లన్, ఈగ నువ్వే కట్టు, నీ ముడి అయితేనే నాకు నమ్మకం, తన చేపని వాడికిచ్చి ముడి తన చేత వేయించడం, ఇంతకంటే చెంపదెబ్బ నయం, అయినా కట్టాడు, తాడు చివరుండే నైలాన్ సన్నతీగ కొసని కొక్కెం కంట్లో దూర్చాడు, అయిదు మెలికలు తిప్పాడు, కొసని ఉచ్చులోంచి లాగాడు, ఇక బిగించే ముందు నోట్లో పెట్టుకుని ఉమ్మితో తడపాలి, మొదటి రోజు మొదటి పాఠం అది, పొడిగా బిగిస్తే తీగ రాసుకుని లోలోపల కాలుతుంది, పైకి నిగనిగలాడుతుంది, బరువు పడ్డప్పుడు పుటుక్కున పోతుంది, నోటి దాకా తీసుకెళ్లాడు, టోబిన్ వీపు కనబడింది, కొత్త చొక్కా, దాని భుజం మీద లైల్ చెయ్యి ఆనిన తడి ముద్ర ఇంకా ఆరలేదు, అయిదు వేళ్లూ విడివిడిగా, పొడిగానే లాగి బిగించేశాడు. కత్తెరతో కొస కత్తిరించి, కట్టేశానన్నాడు.

అప్పుడు టోబిన్ ఇటు తిరిగి కర్ర పిడిని తన వైపు చాచాడు, హార్లన్ గారూ, తీసుకోండి, ఈ చేప మీదని లైల్ గారు పొద్దున్నే చెప్పారు, కర్ర కాస్త పట్టుకుని ఉండటమే నా పని, నాకు చూడ్డం చాలండీ అన్నాడు, లైల్ దుంగ మీంచి, ఇంకా చూస్తావేంరా, దానికి ఆకలి తీరిపోతుంది అన్నాడు, హార్లన్ చెయ్యి పిడి మీద పడింది, ఎలా పడిందో తెలియదు, మళ్లీ కడదామా, కత్తిరించి కొత్త ముడి వెయ్యడం ఎంత, అర నిమిషం, కానీ లైల్ ఇటే చూస్తున్నాడు, రెప్ప వాల్చకుండా తన చేతులకేసే చూస్తున్నాడు, ఇప్పుడే కట్టిన ముడిని కోసి మళ్లీ కడితే టోబిన్‌కి ఏమీ తెలియదు, లైల్‌కి తెలిసిపోతుంది, మొదటి ముడి ఎవరి కోసం అలా బిగించాడో, ఎందుకు బిగించాడో, ఏళ్ల తరబడి వేల ముళ్లు చూసిన కళ్లు అవి, సరే, చేప రాకపోతే చాలు, వందసార్లు వేస్తే ఒకసారి వస్తుంది, ఇవాళ ఆ తొంభైతొమ్మిదిలో ఒకటి కాకూడదా, టోబిన్ దుంగ మీదికి పోయాక కర్ర వెనక్కి ఊపాడు, తాడు గాలిలో సాగింది, ముందుకి వదిలాడు, కావాలని రెండడుగులు పక్కకి విసిరాడు, ఈగ పోయి వేళ్లకి దూరంగా టప్పున వాలింది, ఎడం అన్నాడుగా అబ్బాయి, ఎడమ అన్నాడు లైల్, మళ్లీ వేశాడు, ఈసారి చెయ్యి తన మాట వినలేదు, పంతొమ్మిదేళ్లుగా లైల్ దిద్దిన చెయ్యి, ఈగ పూరేకులా వేళ్ల పక్కనే వాలింది, రావద్దు, రావద్దే తల్లీ, మూడేళ్లుగా దేవుణ్ణి అడిగినదాన్ని ఇవాళ వద్దంటున్నాను, ఈ ఒక్కసారికి రాకు. నీళ్లు మెత్తగా లోపలికి గుంజుకున్నాయి.

బరువు, చేతినిండా బరువు, కర్ర వంగింది, రీలు గిరగిరా తిరిగింది, టోబిన్ దుంగ మీంచి లేచి నిలబడిపోయాడు, చేప ఒక్కసారి పైకి దూకింది, పసుపు పొట్ట, ఎర్రచుక్కలు, నిరుడు తను చూసిన దానికంటే పెద్దది, లైల్ అరుస్తున్నాడు, తలెత్తనీ, తలెత్తనీ, అని, ఆ అరుపులో ఎంత సంతోషం, ఆ సంతోషం తన కోసమే, ఇంకెవరి కోసమూ కాదు, హార్లన్ తీగ మీద జోరు తగ్గించాడు, బతిమాలినట్టు వదులుతూ పోయాడు, చేప వేళ్లకేసి ఒక్క గుంజు గుంజింది, పుటుక్కున, అంతే, కర్ర నిటారుగా అయిపోయింది, అన్నీ ఖాళీ, ఏరు మళ్లీ ఏమీ ఎరగనట్టు పారుతోంది, పోయిందా అన్నాడు లైల్, పోయింది అన్నాడు తను, తీగ ఇలా ఇవ్వు, చూస్తాను అన్నాడు లైల్, ఇవ్వక తప్పదు, ఒడ్డుకి వచ్చి తీగ కొసని అతని చేతిలో పెట్టాడు, పెట్టాలంటే ఆ చేతిని పట్టుకోవలసి వచ్చింది, ఎందుకంటే చాచిన చెయ్యి తను నిలబడిన చోటికి రాలేదు, జానెడు పక్కకి పోయింది, లైల్ తీగని బొటనవేలి మీద, తర్వాత కింది పెదవి మీద జరిపాడు, కొస పందిపిల్ల తోకలా మెలితిరిగి ఉంది, పొడిముడి కాలి జారితేనే అలా తిరుగుతుంది, రాయికో కొయ్యకో తెగితే అలా తిరగదు, ఇది నేర్పింది లైలే, లైల్ చూపు తీగ మీద లేదు, ఎదురుగా ఎక్కడో గాలిలో ఉంది. నీళ్లలో పాత కొయ్యకి తగిలి తెగినట్టుందిరా అబ్బీ, అది జరుగుతూనే ఉంటుంది, అన్నాడు లైల్ టోబిన్‌తో.

ఆ చూపు, ఆ చాచిన చెయ్యి, హార్లన్‌కి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి, ఏం కనబడుతోందో చెప్పు, లేచిందా అబ్బీ, ఎడమ అన్నాడుగా అబ్బాయి, భుజం మీంచి తియ్యని చెయ్యి, అమ్మేసిన ట్రక్కు, ఇక అక్కర్లేని బిగింపు, పొద్దున్న డైనర్‌లో కాఫీ కప్పు కోసం బల్లంతా తడుముతుంటే వేళాకోళం అనుకున్నాడు, ఎన్ని చూశాడు, ఒక్కటీ చూడలేదు, లైల్, ఎప్పటి నుంచి అని అడిగాడు, లైల్ తీగని వేళ్ల మధ్య తిప్పుతూ, మార్చి నుంచి చూపు బొత్తిగా లేదురా, అంచుల్లో కాస్త వెలుగు, నడిమధ్య ఏమీ లేదు, డాక్టరు ఇక రాదన్నాడు, అన్నాడు, నాకెందుకు చెప్పలేదు అన్నాడు హార్లన్, చెబితే ఏం చేస్తావో తెలుసు గనక, గాలం గోడకి తగిలించేసి నా చెయ్యి పట్టుకుని కూచుంటావు, నాకు నువ్వు చేప పడుతుంటే వినాలని ఉంది, ఈ మడుగుకి ఇద్దరుండాలిరా, నేను ఇంకెన్ని వసంతాలు ఈ రాళ్లు దాటగలను, వీడు మంచివాడు, ఈగలు నీకంటే బాగా కడతాడు, ముడి ఒక్కటే రాదు, అది నువ్వు నేర్పాలి, అన్నాడు, టోబిన్ తలొంచుకుని నిలబడ్డాడు, చెప్పద్దని మాట తీసుకున్నారండీ అన్నాడు, హార్లన్ ఏటికేసి చూశాడు, ఏ కళ్లకి భయపడి ఆ ముడి మళ్లీ కట్టలేదో ఆ కళ్లకి చూపే లేదు, లైల్, ముడి నేను తడపలేదు, కావాలనే, కర్ర వాడి చేతిలో ఉందనుకుని, అని చెప్పేశాడు, తెలుసులే, పెదవికి తోక తగిలింది అన్నాడు లైల్, గొంతు పైకి లేవలేదు, సంతోషమూ లేదు, తడిపి ఇంకోటి కట్టు, ఈసారి వాడికి చూపిస్తూ కట్టు, హార్లన్ కొత్త తీగా ఇంకో ఈగా తీసి అయిదు మెలికలు తిప్పాడు, నోట్లో పెట్టుకుంటే ఉమ్మి లేదు, ఎండిపోయింది, వంగి ఏట్లో ముంచాడు, చూడు, ఇలా, మెల్లిగా లాగాలి అన్నాడు, టోబిన్ మెడ చాచి చూశాడు, దుంగ మీద లైల్ కాస్త పక్కకి జరిగి, ఒరేయ్, వీడు వేస్తుంటే నువ్వు చెప్పు, ఏం కనబడుతోందో అన్నాడు, హార్లన్ అతని పక్కన కూర్చున్నాడు, కొండ మీద వెలుగు ఇంకా ఉంది, పురుగులు తగ్గాయి, చేప మళ్లీ లేవలేదు, అవన్నీ వరసగా చెప్పడం మొదలుపెట్టాడు, చెబుతూ చెబుతూ ఒక్క సంగతి దగ్గర ఆగిపోయాడు, మార్చి నుంచీ తను ఏ చోటు కోసం కుళ్లి చస్తున్నాడో ఆ చోటు ఎవరూ లాక్కోలేదు, లైలే దాన్ని ఖాళీ చేసి వెళ్లబోతూ, హార్లన్ పక్కన ఎవరూ లేకుండా పోకూడదని ఒక మనిషిని వెతికి తెచ్చి కూర్చోబెట్టాడు.