తలపిన్నులో కన్ను

నేను ఒక చిన్న కటకాన్ని. శనగగింజ కన్నా చిన్నదాన్ని. ఏ ఊళ్లో పుట్టానో తెలియదు కానీ, పదేళ్లు ఒక సీడీ ప్లేయరులో పాటల బిళ్లల కింద వెల్లకిలా పడుకుని బతికాను. ఇంటిల్లిపాదీ పాటలు విన్నారు. నేను ఒక్కటీ వినలేదు. నా పని వెలుగును చుక్కగా చేర్చడం వరకే.

ప్లేయరు మూలపడ్డాక, కోయిలకుంట్లలో రిపేరు కొట్టు నడిపే సుంకన్న నన్ను ఊడదీశాడు. తలపిన్ను మధ్యలో ఇరికించి, మేనకోడలు ఓబుళమ్మ తెచ్చిన ఫోను కెమెరా మీద టేపుతో అంటించాడు.

"గోరంత దూరంలో ఉండేదే కనపడ్తాది పాపా. అవతలంతా మసకే," అన్నాడు.

ఓబుళమ్మ తలూపింది. తొమ్మిదో తరగతి చదివే ఆ పిల్ల ఏ మాటకైనా తలే ఊపుతుంది. మాటలన్నీ డైరీలో దాచుకుంటుంది. మా ఇద్దరికీ జత కుదిరింది. ఆమె మనుషులతో మాట్లాడదు, నాకు దూరంగా ఉన్న మనుషులు కనిపించరు.

ఆమె నాన్న మద్దిలేటి పొద్దుతిరుగుడు వేశాడు. తేనెటీగలు చాలినన్ని రావని, మంచు ఆరాక ఓబుళమ్మ అరచేతికి మెత్తటి గుడ్డ చుట్టుకుని ఒక్కొక్క పువ్వునూ నిమిరేది. ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు అంటకపోతే గింజలు తాలుపోతాయి. ఎకరం చేనులో ఆమె ఒక్కతే.

ఒక ఆదివారం తేనెటీగ వచ్చింది. ఓబుళమ్మ గుడ్డ వదిలేసి, ఊపిరి బిగబట్టి నన్ను దగ్గరికి తెచ్చింది. పువ్వు నడుమ ఈగ పొర్లుతోంది. ఒళ్లంతా పసుపు. ఆ పొడిని కాళ్లతో దువ్వి, వెనక కాలికి ముద్దగా అద్దుకుంటోంది. ఓబుళమ్మ ఇంకా దగ్గరికి జరిగింది. ఫోటోలో కాలొక్కటే పడింది. నూగు కాలు, దానికి పసుపు ముద్ద. నా జీవితంలో అంత అందమైనది చూడలేదు.

ఆ సాయంత్రం మద్దిలేటి ఫోను తీసి చూశాడు.

"ఇదేం పురుగు మే? కాలికి గుడ్లు పెట్టుకోనుంది. మన చేన్లోదేనా?"

గుడ్లు కావన్నట్టు ఓబుళమ్మ తల అడ్డంగా ఊపింది. ఆయన చూపు ఫోను మీదుంది. ఆమె పెదవి కదిలేలోపే బండెక్కి వెళ్లిపోయాడు. నేనూ ఆయన జేబులో వెళ్లాను. పురుగుమందుల కొట్టతను తెరను వేళ్లతో సాగదీసి చూసి, "గుడ్లే ఇవి. రేప్పొద్దున్నే కొట్టు," అని సీసా చేతిలో పెట్టాడు. ఈగను ఈగలా చూపించి ఉంటే ఇద్దరూ పోల్చేవారే. తప్పులో నాకూ వాటా ఉంది.

తెల్లారాక మద్దిలేటి నాలుగు సాళ్లు కొట్టేసరికి ఓబుళమ్మ ఫోను పట్టుకుని గట్టు మీద పరిగెత్తుకొచ్చింది.

"నాయనా, అది తేనెటీగ కాలు. గుడ్లు కాదు, పుప్పొడి."

ఆయన ముక్కుకు కట్టుకున్న తువ్వాలు దించాడు. మందు ట్యాంకు భుజం మీంచి దించాడు.

"నిన్న సందేళ నీ నోరు యాడికి పోయింది తల్లీ?"

అందులో కోపం లేదు. కోపముంటే ఆమెకు తేలికయ్యేదేమో. ఆయన వంగి, పువ్వు కింద పడి ఉన్న ఈగను తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఓబుళమ్మ నన్ను దగ్గరికి తెచ్చింది. కాలికి పసుపు ముద్ద అలాగే ఉంది. ఫోటో తీయలేదు. తెర మసకబారేదాకా అలాగే నిలబడింది.

మిగతా చేనుకు మందు పడలేదు. నాలుగు సాళ్లను మాత్రం ఓబుళమ్మ రోజూ రెండుసార్లు నిమిరింది.

టేపు ఊడదీసి నన్ను డైరీలో పెట్టింది. ఆమె దాన్ని తెరిచినప్పుడల్లా నా మీద వెలుగు పడుతుంది. అది నాన్న ఫోటో చూసి బండెక్కి వెళ్లిన సాయంత్రం రాసిన పేజీ. నేను ఆనుకున్న చోట ఒక్క మాటే, పెద్దదిగా కనిపిస్తుంది.

"కాదు."