చూశానని చెప్పే దీపం

దత్తాత్రేయులుగారు పెళ్ళిపందిట్లో మంత్రం ఎత్తుకుంటే మైకు సిగ్గుపడేది. అలాంటి మనిషికి పక్షవాతం వచ్చి కుడిపక్కంతా పడిపోయింది. మాట పోయింది. ఎడంచెయ్యీ, గొంతులో చిన్న మూలుగూ మిగిలాయి.

కూతురు హిమబిందు వట్లూరులో ఒక కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ఇంట్లో వైఫై రౌటర్ తెచ్చి ఆయన మంచం పక్కన స్టూలు మీద పెట్టింది. కొత్త ఫోన్లని కలుపుకోవడానికి దానికో బటన్ ఉంటుంది. ఏ ఇంట్లోనూ ఎవరూ దాని జోలికి పోరు. ఆదివారాలు కూర్చుని ఆమె ఆ బటన్ పని మార్చేసింది. ఆయన నొక్కితే కాలేజీలో ఆమె ఫోన్ మోగుతుంది. ఆమె ఫోన్ మీద వేలు పెడితే, ఇక్కడ రౌటర్ మీద ఎందుకూ పనికిరాని ఓ చిన్న దీపం పచ్చగా వెలుగుతుంది.

"వెలిగిందంటే నేను చూశానన్నమాట. అమ్మ బజారుకెళ్ళినప్పుడు ఏమన్నా అవసరమైతే నొక్కండి నాన్నగారూ" అంది.

అవసరం ఎవరిక్కావాలి? భార్య ఆండాళ్ళు ఇంట్లో ఉన్నా ఆయన నొక్కేవారు. దీపం వెలిగితే కూతురు పలికినట్టే ఉండేది. పాఠం మధ్యలో కూడా ఆమె విసుక్కోకుండా వెలిగించేది.

ఆ మధ్యాహ్నం పెరట్లో నూతిగట్టు దగ్గర బకెట్టు దొర్లింది. వెనకే ఆండాళ్ళు గొంతు వినిపించింది.

"ఏవండీ... పడిపోయానండీ. లేవలేకపోతున్నాను."

పక్కింటివాళ్ళు ద్వారకా తిరుమల వెళ్ళారు. ఆయన బటన్ నొక్కారు. పచ్చగా వెలిగింది. ప్రాణం లేచొచ్చింది ఆయనకి. వట్లూరెంత దూరం, ఆటో ఎక్కితే వచ్చేస్తుంది. గేటు చప్పుడు కోసం చెవులు రిక్కించారు.

గేటు చప్పుడు కాలేదు. మళ్ళీ నొక్కారు, వెలిగింది. మళ్ళీ నొక్కారు, వెలిగింది. ఇది ఆట కాదని ఆ దీపానికి ఎలా చెప్పాలో ఆయనకి తెలియలేదు. లేవబోతే కాలు కదల్లేదు. అరవబోతే మూలుగు గుమ్మం దాటలేదు. ఇన్నాళ్ళూ ఊరికే నొక్కినందుకు తన చేతిమీద తనకే అసహ్యం వేసింది.

"ఏవండీ" అన్న పిలుపు సన్నబడి, ఆగి, మళ్ళీ ఒకసారి వినిపించి, ఇంక వినపడలేదు.

సాయంత్రం హిమబిందు నవ్వుతూ వచ్చి బ్యాగు దించింది.

"ఇవాళ తెగ ఆడుకున్నారు నాన్నగారూ. ఒక్కటీ వదల్లేదు, అన్నీ చూశాను."

ఆయన ఎడంచెయ్యెత్తి పెరటివైపు చూపించారు.

"కాఫీయా?" అని ఆమె అటు తిరిగి కేకేసింది. "అమ్మా, నాన్నగారికి కాఫీ కావాలంట."