చల్లారని కంచం

భావనపాడులో పొద్దున్నే చేపల వేలం ముగించుకొచ్చి, కూర్మమ్మ కూతురు యమునకి అన్నం పెట్టేది. ఆమె చేత్తో పెట్టిన అన్నం, ఎవరికి పెట్టిందో వాళ్లు తినేదాకా చల్లారదు. ఓసారి మొగుడు రాముడి పడవ గాలికి ఒరిస్సా వైపు కొట్టుకుపోతే, తొమ్మిదో రోజున తిరిగొచ్చి వేడివేడిగా తిన్నాడు. ఊళ్లో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు.

చిక్కంతా ఆ వేడితోనే వచ్చింది. చల్లారిపోతుందన్న భయముంటే ఏ పిల్లైనా వేళకి కూర్చుంటుంది. యమునకి ఆ భయమే లేదు. రొయ్యపిల్లల హేచరీ ల్యాబులో చేరి ఎనిమిది నెలలు. ట్యాంకుల నీటి రిపోర్టులు మేనేజరు ఉమాశంకర్ సెలవురోజున కూడా అడిగేవాడు. మంచిపేరు కోసం ఈ పిచ్చిపిల్ల అడక్కముందే వాట్సాప్‌లో పెట్టేది. ఎప్పుడు తిన్నా కుడిచేత్తో ముద్ద, ఎడంచేతిలో ఫోను.

"ఏటి తిన్నావో సెప్పు," అనేది తల్లి.

"కూరమ్మా."

"ఏటి కూర?"

యమున కంచంలోకి చూసేది. అప్పటికే ఖాళీ.

ఆ మంగళవారం కూర్మమ్మ కవళ్ల చేపల పులుసుతో అన్నం పెట్టి, కూతురి చున్నీ పట్టుకుంది. "ఒళ్లేటో బాగులేదే. ఈ పూట నా పక్కన కూకుని తిను."

బయట కంపెనీ వ్యాను హారన్ కొడుతోంది. "వచ్చి తింటాన్లేమ్మా. నీ కంచం చల్లారదు కదా."

మధ్యాహ్నం రాముడు ఆరుసార్లు ఫోన్ చేశాడు. మీటింగులో ఉండి యమున ఆరుసార్లూ కట్ చేసింది. ఇంటికొచ్చేసరికి తల్లి ఒళ్లు చల్లబడిపోయింది. కంచం వేడిగానే ఉంది.

పెద్దకర్మ అయ్యేదాకా ఇంట్లో నీచు ముట్టకూడదు కనుక దాన్ని మూతేసి ఉంచారు. పెద్దకర్మ మర్నాడు రాముడే తెచ్చి కూతురి ముందు పెట్టాడు.

"తినేస్తే అయిపోద్ది నాన్నా."

"తినకపోతే మీ యమ్మ ఇంకా ఎదురుసూస్తానే ఉంటాది."

ఫోను మోగింది. పది నిమిషాల్లో వ్యాను వస్తుందన్నాడు ఉమాశంకర్. యమున ఫోను ఆపేసి, బియ్యం డబ్బాలో పెట్టి వచ్చి కూర్చుంది. కంచంలోకి సరిగ్గా చూడటం అదే మొదలు. చింతపండు పులుపు, కొంచెం మాడిన వెల్లుల్లి. మూడో ముద్ద దగ్గర చెయ్యి ఆగిపోయింది. కవళ్లంటే ఒళ్లంతా వెంట్రుకల్లాంటి ముళ్లు. ఎంత వెతికినా ఒక్కటీ తగల్లేదు. అన్నీ ఏరేసి, ముక్కని మళ్లీ చేపలా అతికించి ఉంది.

"ఫోను సూస్తా తింటావని," అన్నాడు రాముడు, "రోజూ తీసేది."

ఎనిమిది నెలల్లో ఒక్క ముల్లూ ఎందుకు గుచ్చుకోలేదో యమున ఒక్కసారి కూడా అనుకోలేదు. వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే చివరి మెతుకుదాకా తింది. వేళ్ల కింద కంచం చల్లారింది. వ్యాను వచ్చి, హారన్ కొట్టి, వెళ్లిపోయింది.

ఉద్యోగం మానలేదు. ఆరు దాటితే ఉండననీ, ఇంట్లో ఫోను తియ్యననీ చెప్పేసింది. ఉమాశంకర్ మొహం మాడ్చుకున్నాడు. ఆమెకి రావలసిన ప్రమోషను ఆ ఏడు ఇంకొకరికి పోయింది.

ఇప్పుడు సాయంత్రం తండ్రికి తనే వడ్డిస్తుంది. తల్లి చేతిగుణం ఆమెకి రాలేదు. ఆమె పెట్టిన అన్నం అందరిళ్లలోలాగే చల్లారిపోతుంది. అందుకే పెట్టగానే ఇద్దరూ కూర్చుంటారు.