పేర్లు రాయని కాయితాలు

దాచుడెందుకు, కళ్యాణిని చూస్తే నాకు కడుపుమంట. నాది పందొమ్మిదేండ్ల సర్వీసు. ఆమె మొన్న జూన్‌ల చండ్రుగొండ కాడి మా బడికొచ్చింది. వచ్చిన వారానికే తండా పిల్లలంతా ఆమె ఎనకాలనే. ఏం మందు పెట్టిందో ఏమో! నా క్లాసుల చీమ చిటుక్కుమన్నా ఇనపడ్తది. ఆమె క్లాసైతే అంగడే. ఆ లొల్లి చూసి హెడ్‌మాస్టర్ సారు, "పిల్లలు మంచిగ కలిసిపోయిండ్రు మేడం" అని మురుస్తడు. నా ఒళ్లు మండదా?

పోయిన గురువారం పద్మప్రియ అని యూనివర్సిటీ పిల్ల వచ్చింది. పిల్లలు టీచర్లతోని ఎట్లుంటరో రీసెర్చ్ చేస్తదట. నాలుగో తరగతిల ఇరవై రెండు మందికి తలా ఒక కాయితం ఇచ్చింది. రెండే ప్రశ్నలు. నీకు బాధైతే ఏ టీచర్‌కు చెప్తవ్? ఇప్పుడు నీకున్న బాధ ఏంది? పేర్లు రాయొద్దన్నది. పిల్లలు పెన్సిల్‌తోని రాసిచ్చిండ్రు. కాయితాలన్నీ కవర్ల పెట్టి, "జర చూస్కోండి మేడం" అని నా టేబుల్ మీద ఉంచి అన్నానికి పోయింది.

చూస్కోమన్నది గదా, చూసిన.

కళ్యాణి మేడం. కళ్యాణి మేడం. మల్లా కళ్యాణి మేడం. నా పేరు రెండంటే రెండు! ఇన్నేండ్లు గొంతు చించుకున్నదానికి ఇదా ఫలం? స్టాఫ్ రూంల ఎవ్వరు లేరు. రబ్బర్ తీసిన. ఆమె పేరు తుడిచి, పిల్లల రాతలెక్క వంకరటింకర 'సవరమ్మ టీచర్' అని రాసిన. ప్రభువా, తప్పని తెల్సి గూడ ఆగలేదు. తొమ్మిది మార్చిన.

పదోది తీస్తే గుండ్రటి అక్షరాలు. ఆ రాత నాకెట్ల తెల్వదు? నేనే చెయ్యి పట్టి దిద్దించిన. అదే క్లాసుల చదివే నా బిడ్డ ఆరాధనది. బాధ ఏందన్న కాడ, 'కళ్యాణి మేడంకు చెప్పిన. ఇంకెవ్వరికి చెప్ప' అని ఉన్నది. దాన్ని తుడవబుద్ధి గాలేదు. అన్నీ కవర్ల పెట్టేసిన.

సాయంత్రం ఇంటికాడ దాని తల దువ్వుకుంట అడిగిన. "బిడ్డా, ఏమన్న బాధ ఉన్నదా?"

"ఏం లేదమ్మా."

"నాకు గూడ చెప్పవా?"

"నువ్వు కోపం చేస్తవ్. హోంవర్క్ ఉన్నది" అని సగం జడతోనే లేచి లోపలికి పోయింది.

తెల్లారి ప్రేయర్‌కు ముందే కళ్యాణిని గేటు కాడ ఆపిన. అడిగితే నేను చేసిన పని బయటపడ్తది. పడనీ.

"కళ్యాణీ, మా ఆరాధనకు ఏమైంది? నీకు చెప్పిందట గదా."

"మీకెట్ల తెలుసక్కా?"

"కాయితాలు చూసిన. చూసుడే గాదు, తొమ్మిదిట్ల నీ పేరు తుడిచి నా పేరు రాసుకున్న. సారుకు చెప్తవో, తిడ్తవో నీ ఇష్టం. ముందు నా బిడ్డ సంగతి చెప్పు."

ఆమె నా చెయ్యి పట్టి గేటు పక్కకు తీస్కపోయింది. తిట్టినా బాగుండు.

"పానం మంచిగనే ఉన్నదక్కా, భయపడకుండ్రి. గని మీకు చెప్పనని దానికి మాటిచ్చిన" అన్నది.

నా కడుపున పుట్టిన పిల్ల సంగతి నాకు తెల్వకుండ ఆమె దాస్తున్నది! అప్పుడు గూడ నాకు ముందుగాల వచ్చింది ఏడుపు గాదు, కుళ్లే.